షాపుల్లో "ట్రయల్" పనికి పిలిస్తే: పైసలు పోకుండా ఎలా చేయాలి

"మూడు రోజులు ట్రయల్ చెయ్యి, పని నచ్చితే తీసుకుంటాం. ట్రయల్‌కు జీతం ఉండదు." నల్లగొండ ప్రకాశం బజార్‌లో బట్టల దుకాణానికి పోయినా, మహబూబ్‌నగర్‌లో సూపర్ మార్కెట్‌కు పోయినా, మిర్యాలగూడలో చెప్పుల షాపుకు పోయినా ఇంటర్, డిగ్రీ అయిన పిల్లలకు ఈ మాట ఎదురవుతోంది. ఆ తర్వాత అందరూ అడిగేది ఒకటే: వెళ్లాలా, వద్దా? వెళ్తే ఆ మూడు రోజుల పైసలు వస్తాయా?

ముందు జవాబు. మీకు పని వచ్చా రాదా చూడటానికి గంట, గంటన్నర చాలు. అంతవరకు పైసలు అడగకపోయినా ఫర్వాలేదు. కానీ గిరాకీని చూసుకోవడం, స్టాక్ సర్దడం, బిల్లు కొట్టడం మొదలుపెట్టారంటే అది పని. దానికి కూలి రావాలి. "ట్రయల్" అని పేరు పెట్టుకుంటే కనీస వేతనం ఇవ్వక్కర్లేదని ఏ చట్టంలోనూ లేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం, వేతనాల కోడ్ ప్రకారం కనీస వేతనం అన్ని రకాల ఉద్యోగాలకూ వర్తిస్తుంది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1982లోనే, ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో తేల్చింది. వెట్టి మీద తిరగబడ్డ నల్లగొండ జిల్లాలో ఈ మాటకు వేరే వివరణ అక్కర్లేదు.

చట్టం సంగతి ఇంతవరకు చాలు. అసలు తిప్పలు రుజువు దగ్గర వస్తాయి. "ఈ పిల్లగాడు మా దగ్గర పనే చేయలేదు, ఊరికే వచ్చి చూసి పోయిండు" అని ఓనర్ అంటే మీ దగ్గర చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. కింద చెప్పేదాంట్లో సగం దానికోసమే.

ఏమేం కావాలి

- వాట్సాప్ ఉన్న ఫోన్, అందులో ఓనర్‌దో మేనేజర్‌దో నంబరు. షాపు ల్యాండ్‌లైన్ నంబరు సరిపోదు.
- చిన్న జేబు నోట్‌బుక్, పెన్ను.
- ఆధార్, టెన్త్ మెమో జిరాక్సులు రెండేసి సెట్లు. ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచండి.
- రెండు పాస్‌పోర్ట్ ఫొటోలు.
- వెళ్లొచ్చే బస్సు ఖర్చు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా. "భోజనం మాదే" అన్నా మొదటి రోజు డబ్బా తీసుకెళ్లండి.

జిరాక్స్ ఇచ్చేముందు దాని మీద అడ్డంగా "ఫలానా షాపులో ఉద్యోగం కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. అక్షరాలు కొంతైనా ఆధార్ ప్రింటు మీదికి రావాలి. ఖాళీ అంచులో రాస్తే కత్తిరించి వాడుకోవచ్చు. మీ కాగితాల మీద ఎవరో సిమ్‌కార్డు తీసుకునే తలనొప్పి దీంతో చాలావరకు తప్పుతుంది.

1. షాపు గురించి బయటే అడిగి తెలుసుకోండి

ట్రయల్‌కు ఒప్పుకోకముందే ఒకసారి గిరాకీలా లోపలికి వెళ్లి రండి. పనివాళ్లు ఎంతమంది ఉన్నారో, అందులో పాతవాళ్లు ఎవరైనా ఉన్నారో చూడండి. సాయంత్రం టీ తాగడానికి బయటికి వచ్చిన వాళ్లను "ఎన్ని నెలలైంది అన్నా మీరు చేరి?" అని అడగండి. నలుగురిలో నలుగురూ "ఈ వారమే వచ్చినం" అంటే అక్కడ ట్రయల్ మీద ట్రయల్ నడుస్తోందని అర్థం. పక్కనున్న టీ కొట్టు ఆయనకు ఈ లెక్కంతా తెలిసి ఉంటుంది. మొహమాటపడకుండా అడగండి.

ఇంకో గుర్తు క్యాలెండర్‌లో దొరుకుతుంది. దసరా ముందు వారం, రంజాన్ చివరి పది రోజులు, శ్రావణంలోనో మాఘంలోనో పెళ్లిళ్ల బేరాలు జోరుగా ఉన్నప్పుడు, అదీ కాకపోతే ప్రతి శని, ఆదివారాలు: సరిగ్గా ఆ రోజులకే "ట్రయల్" పెట్టి, రద్దీ తగ్గగానే "మళ్లీ ఫోన్ చేస్తాం" అని పంపిస్తున్నారంటే వాళ్లకు మనిషి అక్కర్లేదు, ఆ నాలుగు రోజులకు ఊరికే వచ్చే చేతులు కావాలి. పండుగ పని చేయడంలో తప్పేమీ లేదు. దాన్ని పండుగ పనిగానే, రోజు కూలికి మాట్లాడుకుని చేయండి.

యూనిఫామ్‌కనో, రిజిస్ట్రేషన్‌కనో, డిపాజిట్ అనో ఎవరైనా ముందే పైసలు అడిగితే అక్కడికక్కడే లేచి రండి. దీనికి ఇంకో దారి చెప్పేది లేదు.

2. నాలుగు ప్రశ్నలు అడగండి

మాట్లాడేటప్పుడు మర్యాదగా, కానీ పూర్తిగా అడగాలి:

"ట్రయల్ ఎన్ని రోజులు సార్? రోజుకు ఎన్ని గంటలు?"
"రోజుకు ఎంత ఇస్తారు?"
"తీసుకునేదీ లేనిదీ ఎవరు చెప్తారు, ఏ తారీఖున చెప్తారు?"
"తీసుకుంటే నెల జీతం ఎంత, ట్రయల్ మొదటి రోజు నుంచే లెక్క కడతారా?"

ఎక్కువగా వచ్చే జవాబు: "తీసుకుంటే ఈ రోజులు కూడా జీతంలో కలిపి ఇస్తాం." వినడానికి బాగానే ఉంటుంది, కానీ సగం మాటే. రెండో సగం మీరు అడగాలి: "తీసుకోకపోతే సార్?" మోసం జరిగేది ఈ రెండో సగంలోనే. "తీసుకోకపోయినా రోజు కూలి ఇస్తాం" అన్న మాట వచ్చేదాకా ఒప్పుకోకండి.

"ట్రయల్‌కు ఎవరూ ఇవ్వరు" అంటే ఈ మూడింట్లో ఒకటి మీరే చెప్పండి:

- "ఇప్పుడే గంటసేపు చేసి చూపిస్తాను సార్, నచ్చితే రేపటి నుంచి జీతం మీద వస్తాను." నా లెక్కన ఇదే అన్నిటికంటే మంచిది.
- "రోజు కూలి మీద రెండు రోజులు చేస్తాను."
- "మొదటి రోజు నుంచే ఉద్యోగంలో పెట్టుకోండి, పని నచ్చకపోతే వారంలో తీసేయండి. చేసిన రోజులకే ఇవ్వండి."

మూడోది ఓనర్లకు తొందరగా నచ్చుతుంది, ఎందుకంటే నచ్చకపోతే పంపించే వీలు వాళ్ల చేతిలోనే ఉంటుంది.

3. కూలి లెక్క ముందే కట్టుకోండి

నెల జీతాన్ని 26తో భాగిస్తే రోజు కూలి. దాన్ని 8తో భాగిస్తే గంట కూలి. నెలకు 13,000 అన్నారనుకుందాం: రోజుకు 500, గంటకు 62 రూపాయల 50 పైసలు. 30తో భాగించి 433 అంటే ఒప్పుకోకండి. వారానికి ఒక సెలవు జీతంలోనే కలిసి ఉంటుంది, అందుకే 26.

షాపుల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్. దానికి రెట్టింపు ఇవ్వాలి. ఏకధాటిగా 5 గంటలు చేశాక గంట విరామం ఉండాలి. పొద్దున 10కి వచ్చి రాత్రి 9కి పోయారంటే మధ్యలో గంట తీసేస్తే 10 గంటల పని. అంటే 500కు తోడు రెండు గంటల ఓవర్‌టైమ్ 250, మొత్తం 750. మూడు రోజులకు 2,250. "మూడు రోజులే కదా" అని వదిలేసేది ఇంత.

వాళ్లు చెప్పిన జీతం అసలు కనీస వేతనానికి తగ్గట్టు ఉందో లేదో కూడా చూసుకోండి. షాపులు, వాణిజ్య సంస్థలకు ప్రభుత్వం విడిగా రేట్లు నిర్ణయిస్తుంది. ధరలను బట్టి అందులో కలిపే కరువు భత్యం ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది కాబట్టి నిరుడు ఎవరో చెప్పిన అంకె పట్టుకుని వెళ్లకండి. కార్మిక శాఖ ఆఫీసులో "షాపుల కనీస వేతనం ఇప్పుడెంత?" అని అడిగితే చెప్తారు.

4. వాట్సాప్‌లో రాసి పంపండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మాట అయిపోయి బయటికి రాగానే ఈ తీరుగా పంపండి:

"నమస్తే సార్. 12వ తేదీ శుక్రవారం పొద్దున 10 గంటలకు మీ షాపులో ట్రయల్‌కు వస్తున్నాను. మీరు చెప్పినట్టు రెండు రోజులు, రోజుకు 8 గంటలు, రోజుకు 500 రూపాయలు. తీసుకునేదీ లేనిదీ 14వ తేదీ సాయంత్రం చెప్తామన్నారు. ఏమైనా తేడా ఉంటే చెప్పండి సార్."

తేదీ, వారం, గంటలు, కూలి, జవాబు చెప్పే రోజు: ఐదూ ఉండాలి. వాయిస్ మెసేజ్ వద్దు, టైపు చేసే పంపండి. "సరే" అనో, బొటనవేలి గుర్తో వస్తే చాలు. చూసి కూడా జవాబు ఇవ్వకపోతే వెళ్లేముందు ఒక్క ఫోన్ చేసి, "మెసేజ్ చూశారా సార్, అట్లనే కదా?" అని అడిగి, ఆ తర్వాత "ఇప్పుడు ఫోన్‌లో మాట్లాడినట్టే వస్తున్నాను సార్" అని ఇంకో లైను పంపండి. మెసేజ్‌లు డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లోవాళ్లకు పంపి ఉంచండి.

"ఇంత రాతకోతలెందుకు, నమ్మకం లేదా?" అని ఓనర్ విసుక్కుంటే, "మర్చిపోతానని సార్" అంటే చాలు. ఐదు లైన్ల మెసేజ్‌కే కోపం తెచ్చుకునేవాళ్ల దగ్గర నెల జీతం అడగడం ఎట్లా ఉంటుందో ఇప్పుడే ఊహించుకోండి.

5. ట్రయల్ రోజున

షాపులోకి అడుగుపెట్టేముందు బోర్డు కనపడేలా ఒక ఫొటో తీసుకోండి. లోపల గోడ మీద కార్మిక శాఖ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కనిపిస్తే అందులోని పేరు, నంబరు రాసుకోండి. బోర్డు మీద ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఓనర్ పేరు ఇంకొకటి ఉండటం మామూలే. రేపు అర్జీ పెట్టాల్సి వస్తే ఆ రెండో పేరు కావాలి.

బస్సు టికెట్ పారేయకండి. మహాలక్ష్మి పథకంలో ఆడపిల్లలకు ఇచ్చే జీరో టికెట్ కూడా దాచాలి. దాని మీద తేదీ, టైము, ఎక్కిన చోటు ఉంటాయి. ఆ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకే చెరిగిపోతాయి, అందుకే ఆ రోజే ఫొటో తీసి పెట్టుకోండి. మధ్యాహ్నం పక్క కొట్టులో టీ తాగి పది రూపాయలు ఫోన్‌పేలో కొడితే అదీ ఆ రోజు మీరు అక్కడ ఉన్నారనడానికి గుర్తే. నోట్‌బుక్‌లో వచ్చిన టైము, తిన్న టైము, పోయిన టైము, ఏ కౌంటర్, పక్కన ఎవరున్నారు అన్నది రోజుకు రెండు లైన్లు రాయండి. ఇంటికి వచ్చాక కాదు, అక్కడే రాయండి.

ఇక పని. నిజంగా మనిషిని చూద్దామనుకునే షాపులో ఏం పరీక్ష పెడతారో తెలిస్తే, వాళ్లు చూస్తున్నారా, వాడుకుంటున్నారా అన్నది మీకే తెలిసిపోతుంది. చీరల కౌంటర్‌లో ఐదారు చీరలు విప్పి ఇచ్చి మళ్లీ మడత పెట్టమంటారు. అంచులు సమానంగా రావాలి, కొంగు పైకి కనపడాలి, ట్యాగ్ లోపల చిక్కుకోకూడదు. గద్వాల, నారాయణపేట చీరలు పక్కపక్కనే పెట్టి తేడా అడగవచ్చు. రేటు అడిగిన గిరాకీకి ముందు చీర చూపిస్తారా, ముందు రేటే చెప్పేస్తారా అని గమనిస్తారు. సూపర్ మార్కెట్‌లో ఒక ర్యాక్ చూపించి ఎక్స్‌పైరీ తేదీలు చూసి సర్దమంటారు. తొందరగా తేదీ అయిపోయేవి ముందుకు, కొత్త స్టాక్ వెనక్కి రావాలి. బిల్లింగ్ దగ్గర పది వస్తువులు స్కాన్ చేయించి చిల్లర లెక్క అడుగుతారు. చెప్పుల షాపులో మూడు మోడళ్ల సైజులు చెప్పి గోడౌన్ నుంచి తెమ్మంటారు. ఇవన్నీ గంటలో అయిపోయేవే. దానికి బదులు మూడు రోజులూ మూటలు దింపించి, ఫ్లోర్ తుడిపించి పంపితే మీ సేల్స్ పనిని ఎవరూ చూడలేదన్నట్టే.

ట్రయల్‌లో ఉండగా రెండు పనులకు ఒప్పుకోకండి. ఒకటి, గల్లా మీద కూర్చోవడం. తప్పనిసరైతే కూర్చునేముందు ఉన్న నగదు మేనేజర్ ఎదుట లెక్కపెట్టి కాగితం మీద అంకె రాయించి సంతకం పెట్టించుకోండి. వేరేవాళ్ల లాగిన్‌తో బిల్లు కొట్టకండి. రాత్రి 300 తక్కువ వచ్చిందంటే ఆ షార్టేజీ కొత్త మనిషి నెత్తినే పడుతుంది. మీకు అప్పగించిన సొమ్ము మీ నిర్లక్ష్యం వల్లే పోయిందని, మీ మాట కూడా విన్నాక తేలితే తప్ప కూలిలో కోత పెట్టకూడదు. రెండోది, నిచ్చెన ఎక్కి పై అటక సర్దడం, లారీ సరుకు దింపడం. కింద పడితే ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) సాయం అందడం కూడా కష్టమే, ఎందుకంటే మీ పేరు ఇంకా ఎక్కలేదు.

6. చివరి రోజు బయటికి వచ్చేముందు

పైసలు ఆ రోజే అడగండి. రోజు కూలి అంటే పని అయిన రోజే ఇవ్వాలి. తీసేసినా, మీరే మానేసినా రెండు పని దినాల్లో మొత్తం చెల్లించాలన్నది వేతనాల కోడ్‌లోనే ఉంది. "సార్, రెండు రోజులవి వెయ్యి రూపాయలు, ఫోన్‌పే చేస్తారా?" అని అంకెతో అడగండి. "ఏమైనా ఇస్తారా సార్?" అని అడిగితే "చూద్దాం లే" అన్న జవాబే వస్తుంది. నగదు ఇస్తే "ట్రయల్ రెండు రోజులకు 1,000 అందింది, ధన్యవాదాలు సార్" అని వాట్సాప్ పెట్టండి. అది ఇద్దరికీ మంచిది.

తీసుకున్నామని చెప్తే నియామక పత్రం అడగండి. అందులో చేరిన తేదీ ట్రయల్ మొదటి రోజే ఉండాలి, చివరి రోజు కాదు. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట నెల జీతం 21,000 దాటనివాళ్లకు ఈఎస్ఐ, ఇరవై మంది ఉన్న చోట పీఎఫ్ ఉండాలి. నంబర్లు ఎప్పుడు వస్తాయో అప్పుడే అడగండి.

7. ఇవ్వకపోతే

రెండు పని దినాలు ఆగి, ఒక్క మెసేజ్ పంపండి: చేసిన తేదీలు, గంటలు, రావాల్సిన మొత్తం, "ఫలానా తేదీలోపు ఇవ్వగలరు" అని. తిట్లు, బెదిరింపులు, షాపు పేరుతో స్టేటస్‌లు పెట్టకండి. అట్లా పెడితే గొడవ పైసల మీదనుంచి మీ మీదికి మళ్లుతుంది.

దానికీ పలకకపోతే కార్మిక శాఖ అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గరికి అర్జీ పట్టుకెళ్లండి. తెల్లకాగితం మీద ఒక పేజీ చాలు: మీ పేరు, ఊరు, ఫోన్, షాపు పేరు, ఓనర్ పేరు, చిరునామా, పని చేసిన తేదీలు, గంటలు, చేసిన పని, రావాల్సిన మొత్తం, అది ఎట్లా లెక్క కట్టారో రెండు లైన్లు. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, టికెట్ ఫొటోలు, నోట్‌బుక్ పేజీ జిరాక్స్ జత చేయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండోదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. మీరు పని చేశారని తేలాక, కూలి ఇచ్చామని రుజువు చేయాల్సింది ఓనరే.

షాపు ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా ఆఫీసుకే వెళ్లాలి. చాలామంది ఇక్కడే తిరిగి తిరిగి అలసిపోతారు. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, నారాయణపేట ఇప్పుడు వేరే జిల్లాలు, పాత అలవాటుతో మహబూబ్‌నగర్ పోవద్దు. అట్లాగే సూర్యాపేట, భువనగిరి షాపులకు నల్లగొండ పోవద్దు. దేవరకొండ పిల్లవాడు హైదరాబాద్ కోఠి షాపులో ట్రయల్ చేస్తే అర్జీ హైదరాబాద్‌లోనే.

కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. ముందు ఇచ్చిన అర్జీ స్టాంపు కాపీ జత చేసి ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి. వకీలు సలహా కావాలంటే 15100కు ఫోన్ చేయండి, న్యాయ సేవాధికార సంస్థ నంబరు అది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. క్లెయిమ్ వేయడానికి వేతనాల కోడ్‌లో మూడేళ్ల గడువుంది, కాబట్టి కొన్ని నెలలు గడిచాయని వదిలేయకండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"ఇంకో రెండు రోజులు చూద్దాం" అనగానే తలూపడం. ట్రయల్ పెంచారంటే మెసేజ్ కూడా కొత్తది పోవాలి, పాత రోజుల కూలి ముందు చేతికి రావాలి.

చుట్టమో, ఊరివాళ్లో చెప్పి పంపారని పైసల మాట ఎత్తకపోవడం. పరిచయస్తుల షాపులోనే ఇది ఎక్కువ. పంపిన పెద్దమనిషి ఎదుటే "మామా, రోజుకు ఎంతనో మీరే అడిగి చెప్పండి" అంటే అక్కడే తేలిపోతుంది.

ఒరిజినల్ మెమో ఇచ్చేయడం. "నెల తర్వాత ఇస్తాం" అంటారు, మానేద్దామంటే అదే సంకెల అవుతుంది. ఇచ్చేసి ఉంటే తిరిగి ఇవ్వమని రాసి అడగండి, అర్జీలో ఆ విషయం కూడా చేర్చండి.

"ట్రైనింగ్" అన్న మాటకు పడిపోవడం. అప్రెంటిస్‌గా తీసుకుంటే కాంట్రాక్టు కాగితం, రిజిస్ట్రేషన్, నెల స్టైపెండ్ ఉంటాయి. ఇవేవీ లేకుండా ఊరికే ట్రైనింగ్ అంటే అది ట్రయల్‌కు ఇంకో పేరు. పని నేర్చుకోవడమే కావాలంటే గ్రామీణ యువతకు ప్రభుత్వ ఉపాధి శిక్షణ సంస్థ ఈజీఎంఎం ద్వారా ఉచిత శిక్షణలు ఉంటాయి, అక్కడ అడగండి.

ఇంట్లో గడవని పరిస్థితి ఉండి, కూలి లేకుండా అయినా వెళ్దామనుకుంటే ఒక పూటకే వెళ్లండి, అదీ మామూలు రోజున. శనివారం, సంత రోజు, పండుగ వారం వద్దు.

అంతా సరిగ్గా జరిగిందో లేదో ఎట్లా చూసుకోవాలి

ట్రయల్‌కు బయల్దేరే రోజు పొద్దున ఫోన్ తీసి చూడండి: తేదీలు, గంటలు, కూలి, జవాబు చెప్పే రోజు ఒకే మెసేజ్‌లో కనిపిస్తున్నాయా? దానికింద అటువైపు నుంచి ఏదో ఒక జవాబు, లేదా ఫోన్‌లో మాట్లాడాక మీరు పంపిన లైను ఉందా? లేకపోతే ఇంకా బస్సు ఎక్కకండి.

ఉద్యోగం వచ్చాక మొదటి జీతం వచ్చే నెల 7వ తేదీలోపు రావాలి. రాగానే నోట్‌బుక్ ముందుపెట్టుకుని కూర్చోండి. ట్రయల్ రోజులు కలిపి మొత్తం పని దినాలు ఎన్ని, ఓవర్‌టైమ్ గంటలు ఎన్ని, వచ్చింది ఎంత? తేడా వస్తే అదే రోజు అకౌంటెంట్‌ను తారీఖులతో అడగండి. రెండో నెల జీతం పడ్డాక అడిగితే "పాత లెక్క అయిపోయింది" అంటారు.